బుడమేరు నాటిన దుంప

ఉల్లిపాయలనుకుని మా ఆయన
ఒకసారి పులుసులో వేయబోయాడు.
లాక్కుని దాచాను.
పాత చీర ముక్కలో, బియ్యం డబ్బా వెనక,
తడి తగలకుండా, ఎలకలు చూడకుండా
పదకొండు దుంపలు.

కార్తీకంలో ఆకు పండుబారగానే
నీళ్ళు మానేసి పడుకోనివ్వాలి వాటిని.
ఈ మాట చెప్పింది నర్సరీ బండి సింహాద్రి,
నెలకోసారి ఫ్లైఓవర్ దిగి సింగ్‌నగర్‌లో
మా సందులోకి తొంగిచూసే మనిషి.
"పూసినప్పుడు అందరూ చూస్తారమ్మా,
పడుకున్నప్పుడు నువ్వే చూసుకోవాలి."

నా తోట ఎంతని?
మెట్ల కింద మూడు గజాలు.
పగిలిన బకెట్లు, రంగు డబ్బాలు,
కుట్టుమిషనుతో వచ్చిన థర్మాకోలు పెట్టె,
దాని అడుగున కాల్చిన సూదితో పొడిచిన చిల్లులు.
అయినా పన్నెండు నెలలకీ లెక్క కట్టాను,
జాకెట్టుకి గుడ్డ సరిపెట్టినట్టు.
చలికి చామంతి, పక్కనే డిసెంబరు పూలు,
ఎండ ముదిరితే కాగితంపూలు,
రాత్రి ఉరిమితే చాలు
తెల్లారేసరికి లేచి నిలబడే వాన లిల్లీలు,
దసరాకి బంతి.
రోహిణి కార్తె ఒక్కటే మిగిలింది.
రోళ్ళు పగిలే ఆ పదిహేను రోజులూ
చంకలో విడిపోయిన కుట్టులా కనపడేవి.
దానికే ఈ పదకొండు.
ఆకుకన్నా ముందు కాడ,
కాడ కొసన గుండ్రంగా మే నెల పువ్వు,
ఎగిరిన నిప్పురవ్వలు అక్కడే ఆగిపోయినట్టు.

పక్క వాటా మస్తాన్‌బీకి నా కుండీలంటే మంట.
కారిన నీళ్ళు తన గుమ్మంలోకే పోతాయని.
"పూలు నీకు, బురద నాకా?"
అంతే.
రెండేళ్ళు మాటల్లేవు.

ఆ భాద్రపదం
పదకొండూ పచ్చగా ఆకులేసుకుని ఉండగా
బుడమేరు వచ్చింది.
తలుపు తట్టలేదు.
నాలుగు రోజులు డాబా మీద
ఒకే టార్పాలిన్ కింద నేనూ, మస్తాన్‌బీ.
పడవలో ఎవరో విసిరిన పులిహోర పొట్లం
మాట్లాడకుండానే చెరిసగం తిన్నాం.

నీళ్ళు తీశాక మోకాలిలోతు ఒండ్రు.
బకెట్లు ఎవరింటికి పోయాయో.
చేతులు పెట్టి దేవులాడితే
ఒక్క దుంప దొరికింది,
నొక్కగానే మెత్తగా జారిపోయింది.
మిషను తుప్పు తుడుచుకుంటూ
ఇక చాలనుకున్నాను.
ఆ చలికాలం మా సందులో రంగంటే
నడుమెత్తున గోడలన్నిటికీ
నీళ్ళు గీసిపోయిన మట్టి గీత.

మే నెల. మధ్యాహ్నం మూడు. కరెంటు లేదు.
మస్తాన్‌బీ నా తలుపు కొట్టింది.
"నా గుమ్మంలో ఏదో లేచింది.
పీకెయ్యనా?"

మెట్టుకీ కాలవకీ మధ్య
సిమెంటు పెచ్చు ఊడిన చోట,
నా కుండీల నీళ్ళు ఎప్పుడూ పారే
ఆ పాత దారిలోనే
ఎర్రగా, నిండుగా, ఒక్కటి.

నీదేగా, తవ్వుకో అని
గునపం కూడా తెచ్చింది.
పూసినప్పుడు కదపకూడదన్నాను.
"మరెప్పుడు?"
కార్తీకంలో, ఆకు పండుబారాక.
"అందాకా నీళ్ళు పొయ్యాలా?"
పొయ్యాలి.
"ఎన్ని?"
చెంబు తెచ్చి చూపించాను.

కార్తీకం వచ్చింది, పోయింది.
గునపం ఎవరూ తియ్యలేదు.
ఇప్పుడక్కడ చూడ్డానికి ఏమీ లేదు,
ఉత్త మట్టి, చుట్టూ ఆమె పేర్చిన నాలుగు ఇటుకలు.
పిల్లలు క్రికెట్ బంతి అటు కొడితే చాలు
లోపల్నుంచి కేకేస్తుంది:
"ఒరేయ్, మెల్లగా!
కింద పడుకుని ఉందిరా."